బ్యాటరీ షెడ్డు వెనక నత్తలు

జూన్ 11. పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు కలగలేదని నిన్న మా మనవరాలిని పెట్టెతో సహా నా గుమ్మంలో దింపి వెళ్లావు కనుక ఈ కార్డు రాస్తున్నాను.

పెళ్లయిన ఏడాదే నీ బ్యాటరీల షెడ్డు చూశాను. సీసం కడిగిన నీళ్లు కాలువలోకి పోతున్నాయేమిటని అడిగాను.

"ఆ నత్తల్ని చూడండి అమ్మమ్మగారూ, గుండ్రాళ్లలా ఉన్నాయి! నీళ్లు చెడ్డవైతే బతుకుతాయా?" అన్నావు. ముప్ఫై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినదాన్ని. తాతకు దగ్గులు నేర్పావు.

మీ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ నత్తల్ని లెక్కపెట్టాను. మొదట నూటపన్నెండు, మొన్న ఇరవైమూడు. అన్నీ ముసలివే. గట్టున ఒక్క గుడ్ల ముద్ద లేదు, నీళ్లలో ఒక్క పిల్లనత్త లేదు. సీసం నత్తను వెంటనే చంపదు నాయనా, ముందు దాని సంతానాన్ని ఆపేస్తుంది.

మనవరాలిని ముగ్గురు డాక్టర్లు చూసి ఏ లోపమూ లేదన్నారు. నిన్నెవరూ చూడలేదు. ఆ నీళ్లలో రోజూ మోచేతులదాకా చేతులు ముంచేది నువ్వు.

ఇక జరగవలసినవి:

1. నీ రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించుకో.
2. ఆ నీళ్లు కాలువలోకి వదలడం ఆపు.
3. మా మనవరాలిని గొడ్రాలన్న మీ అమ్మగారికి ఈ కార్డు చదివి వినిపించు. దాచి లాభం లేదు, పోస్ట్‌మాన్ ఈపాటికే చదివేసి ఉంటాడు.