పన్నెండో వైరు

ఈ కథలో ఒక్క ముక్క అబద్ధమున్నా నా మీసం తీయించేసుకుంటాను. వినండి.

కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పాత నెట్‌వర్క్ అంతా పీకేస్తున్నారు. మర్నాడు పొద్దున్నే ఆన్‌లైన్ పరీక్షలు. సాయంత్రానికల్లా కొత్త వైర్లు, కొత్త పెట్టెలు బిగించెయ్యాలి.

పని చేయిస్తున్న ఇంజనీరమ్మ ఒకప్పుడు ఆ కాలేజీలో చదివిన పిల్లే.

"ఇదిగో, ఈ కిటికీ పక్క కంప్యూటరే!" అంది తన మనుషులతో. "స్కాలర్‌షిప్ ఫారానికి ఆఖరి రోజు. అప్పట్లో ఇక్కడ నెట్ అయిదు నిమిషాలుంటే గొప్ప. అలాంటిది నేను కూర్చున్న రెండు గంటల్లో ఒక్కసారి పోయి ఉంటే ఒట్టు!"

"ఎవరైనా సాయం చేశారా మేడమ్?"

"ఎవరున్నారు? గదిలో నేనొక్కదాన్నే. అదృష్టం అలా పట్టింది. ఆ ఫారం వెళ్లకపోతే మా నాన్న కొట్లో పొట్లాలు కట్టుకుంటూ ఉండేదాన్ని."

"అక్కడా ఇలాగే కేకలేస్తూ కట్టేవారు," అన్నాడు నిచ్చెన మీదున్న మేస్త్రి.

అందరూ నవ్వుతుండగా వచ్చాడొక ముసలాయన. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. ల్యాబ్ బయట చెప్పులు విడిచి మరీ లోపలికొచ్చాడు. ఇప్పుడెవరూ విడవడం లేదు.

"తల్లీ, బీరువా వెనకాల నెట్ వైర్లన్నీ గుచ్చే పాత స్విచ్చు పెట్టె ఉంది కదా. అందులో పన్నెండో వైరు నా చేత్తో నేను పీకొచ్చా?"

"మీరా? ఎందుకండీ?"

"ఊరికే. ముచ్చట."

"ముచ్చట్లకి టైమా పెద్దాయనా! ఇక్కడ నాకు ఊపిరి సలపడం లేదు. బయటివాళ్లు ముట్టుకోకూడదు కూడా. వెళ్లి రండి."

"ఒక్క నిమిషం పని."

"ఆ నిమిషమే లేదు."

ముసలాయన తల గోక్కున్నాడు. బీరువా వైపు ఓసారి చూశాడు.

"పోన్లే. మెల్లగా పీకు తల్లీ. దాని క్లిప్పు విరిగిపోయింది."

చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

కాసేపటికి బీరువా జరిపారు. దుమ్ములోంచి స్విచ్చు పెట్టె బయటపడింది. ఇంజనీరమ్మ చకచకా పీకుతోంది. పదీ, పదకొండూ వచ్చేశాయి. పన్నెండోది రాలేదు.

ఎర్ర దారంతో పెట్టెకి కట్టేసి ఉంది. దారానికి చిన్న అట్టముక్క.

'జాగ్రత్త. దీంట్లోంచి ఒక అమ్మాయి ఫారం వెళ్లింది.' కింద తేదీ.

ఆ తేదీ ఆమెకి తన పుట్టినరోజు కన్నా బాగా గుర్తు.

వైరుని వేళ్లతో తడుముకుంటూ గోడ వెంట వెళ్లింది. అది తిన్నగా కిటికీ పక్క బల్ల దగ్గరే తేలింది. క్లిప్పు విరిగిన ప్లగ్గు ఆ రోజు ఊడకుండా నిలిచింది ఈ దారం పుణ్యమే!

గేటు దాకా ఒకటే పరుగు.

"గొడుగు పట్టుకున్న పెద్దాయన ఎటెళ్లారు?"

"ఇప్పుడే బస్సెక్కేశాడమ్మా," అన్నాడు ముసలి వాచ్‌మన్. "మన పాత ల్యాబ్ అటెండరే. గుర్తుపట్టలేదా?"

ఆమె చేతిలో అట్టముక్క ఉంది. బస్సు లేపిన దుమ్మింకా అణగలేదు.

"ఒక్క నిమిషమే అడిగారు," అంది.

ఇక మీసం సంగతంటారా, అది నాకెప్పుడూ లేదు. ఆ వాచ్‌మన్ని నేనే. దారం ఆ రోజే కట్టాడన్నది మాత్రం నా కల్పన; కట్టింది మర్నాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను కాబట్టి ఆవిడకీ చెప్పలేదు, మీకు చెప్పేస్తున్నాను. ఫారం వెళ్లిన పూట నేను మంచినీళ్లు తీసుకెళ్తే, చెయ్యి ఖాళీ లేదు, నోట్లో పొయ్యమన్నట్టు నోరు తెరిచాడు: పిల్ల కంగారు పడుతుందని చప్పుడు కూడా చెయ్యకుండా, బీరువా వెనక రెండు గంటలూ ఆ ప్లగ్గుని బొటనవేలితో నొక్కిపట్టుకుని నిలబడ్డాడు మహానుభావుడు.