వేలెడు తక్కువ

విమానంలో పనికి ఆడపిల్లలను ఎంపిక చేసే గది అది. సుద్దపొడిలో వేళ్లు ముంచి, మునికాళ్లపై లేచి, గోడమీది గీతను అందుకోవాలి. చెల్లికి వేలెడు తక్కువైంది. "పై అరలో పెట్టెలు సర్దడానికి నిచ్చెన తెచ్చుకుంటావా, తల్లీ?" అని అధికారి అందరి ముందూ నవ్వాడు. ఆ దిగులుతోనే చెల్లి నెల తిరక్కుండా పోయింది.

ఆ గది తుడిచేది అక్కే. ఈ రాత్రి గోడ కడిగి, బకెట్ పారబోసి వచ్చేసరికి, గీతకు జానెడు పైన తెల్లని వేలిముద్రలున్నాయి. చిటికెన వేలు వంకర, అచ్చం చెల్లిదే.

"ఇప్పుడందితే ఏం లాభమే? ఆ నవ్వినవాణ్ణి ఎవరడగాలి?" అక్క కోపంగా ఆ గోడనే అడిగింది.

పక్క గదిలో అధికారి కుర్చీ కిర్రుమంది. వెళ్లి చూస్తే ఎవరూ లేరు. కుర్చీ వీపు మీద, సరిగ్గా మెడ ఆనే చోట, అవే వేలిముద్రలు.

అక్క గుడ్డ పిండి ఆరేసింది. వాటిని తుడవలేదు.