ఎముకల రేటు

తెల్లారేసరికి సర్కారు దవాఖాన గేటు మీది బోర్డులో ఊపిరితిత్తులకు సున్నా, ఎముకలకు పూర్తి ధర పలుకుతోంది. ఏ రోగం తొందరగా నయమై లాభం తెస్తుందో దవాఖానలో వాటాలు కొన్న వాటాదారులు రోజూ దానికే డబ్బు పెడతారు. డబ్బున్న రోగానికే గేటు తెరుచుకుంటుంది. ఒకసారి లోపలికి వెళ్లాక మాత్రం డాక్టర్లు ఏ జబ్బునైనా చూడాల్సిందే.

బొగ్గుబాయి దుమ్ము మింగి మింగి నెత్తురు దగ్గుతున్న ఓదెలు, ఇంటి గడప మీద ఎడమ చెయ్యి చాచాడు.

"కొట్టు నర్సవ్వా. కండ్లు మూసుకోకు, గురి తప్పుతది."

అతని భార్య కారం దంచే రోకలి ఎత్తింది. మొదటి దెబ్బకు చర్మం చిట్లింది గానీ ఎముక విరగలేదు.

"ఇంకోటెయ్యి," అన్నాడు పళ్లు బిగబట్టి.

రెండో దెబ్బకు ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. రోకలికంటిన కారం గాయంలో దిగి భగ్గుమంటే, ఓదెలు గోడకు తల బాదుకున్నాడు.

ఆటోలో వెళ్లేసరికి గేటు ముందు బస్తీ బస్తీ అంతా ఉంది. ఎవరిని చూసినా చెయ్యో కాలో విరిగి వేలాడుతోంది. జనం అంతలా ఎగబడేసరికి పెట్టిన డబ్బంతా అయిపోయి ఎముకల ధర సున్నాకు పడిపోయింది.

"ఇప్పుడు దేనికున్నది తమ్మీ?" కాపలావాణ్ణి అడిగింది నర్సవ్వ.

"కాలిన గాయాలకక్కా. పొద్దుగూకేదాక ఉంటది."

ఓదెలు విరిగిన చేతిని ఒళ్లోకి తీసుకుని ఆటోలో వెనక్కి జరిగాడు.

"ఇంటికి పోదాం పా," అన్నాడు. "గీ చెయ్యే కాల్చు. ఇంకోటి అన్నం తినెటందుకు ఉండనియ్యి."