ఎదురు తొట్టి

“ఇద్దరితో చక్రం తిరగదు బాబూ” అన్నాడు జెయింట్ వీల్ నడిపే పెద్దాయన.

టైలర్‌కు ఒళ్ళు మండింది. టికెట్లు చేతిలో ఉన్నాయి. టీచర్ పక్కనే ఉంది. సూర్యుడు మబ్బుల వెనకనుంచే దిగిపోవడానికి తొందరపడుతున్నాడు. ఇన్నీ కుదిరాక తిరగనని మొరాయించడానికి చక్రానికేం వచ్చిందట?

“ఎందుకు తిరగదు?”

“బరువంతా ఒక పక్కే ఉంటే మోటారు కాలిపోతుంది. మీ ఎదురు తొట్టిలో ఒక్క మనిషైనా ఉంటే ఎలాగో లాగించేస్తా.”

“ఇసుక బస్తా పడెయ్యండి.”

“అది జారిపడితే నా నెత్తి పగులుతుంది.”

మబ్బు పట్టిందని జనమంతా ఇళ్ళకు వెళ్ళిపోయారు. తీరంలో కాకులు తప్ప ఎవరూ లేరు.

“ఇక పోదాం పద” అంది టీచర్. చెప్పులు చేత్తో పట్టుకుని విసవిసా నీళ్ళ దగ్గరికి నడిచింది.

ఆమె కోపంలో న్యాయం ఉంది. రేపు వాళ్ళ నాన్న ఒక సంబంధానికి మాటివ్వబోతున్నాడు. పెళ్ళికొడుకు ఫోటో చూడమంటే ఆమె కళ్ళు మూసుకుంది. “నువ్వు అడుగు, ఇవాళే నాన్నకు చెప్పేస్తా. అడగని మనిషి గురించి ఏమని చెప్పను?” అంది.

కొలతలు తీస్తూ ఊరందరితో గలగలా మాట్లాడే టైలర్‌కు ఈ ఒక్క మాట దగ్గర గొంతులో వెలక్కాయ పడింది. షాపులో యజమాని, స్కూల్లో పిల్లలు, వీధిలో ఆమె బాబాయి. ఎవరూ వినని చోటు ఆకాశం ఒక్కటే మిగిలింది. తీరా చూస్తే దానికీ తోడు కావాలట.

ఎప్పుడొచ్చాడో, రెయిలింగ్ దగ్గర ఒకతను నిలబడి వీళ్ళనే చూస్తున్నాడు. మడత నలగని కొత్త చొక్కా వేసుకున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టున్నాడు.

“ఏమండీ, ఒక్కసారి ఎక్కుతారా? టికెట్ నాది.”

అతను మెడ వెనక్కి వాల్చి చక్రం కొసదాకా చూశాడు.

“నాకు ఎత్తంటే కొంచెం…”

“ఏం కాదండీ. కళ్ళు మూసుకుని కూర్చోండి.”

ఎక్కాడు. తొట్టి కాస్త ఊగింది. దిగిపోయాడు.

టైలర్ పళ్ళు నూరుకున్నాడు.

“ఇవాళే ఎక్కాలా?” అనడిగాడు అతను.

“ఇవాళే. రేపటికి వాళ్ళ నాన్న ఎవడికో మాటిచ్చేస్తాడు. ఈలోపు పైకెళ్ళి ఆవిడని నేనొక మాట అడగాలి. కిందుంటే నాకు నోరు పెగలదు.”

“ఆవిడ మీ కోసమే వచ్చిందా?”

“మరి మీ కోసం వచ్చిందా?” టైలర్ ఓపిక అక్కడితో చచ్చిపోయింది. “ఎక్కితే ఎక్కండి, లేకపోతే తప్పుకోండి. ఇంత పిరికివాడికి పిల్లనెవరిస్తారండీ?”

అతను నీళ్ళ దగ్గరున్న టీచర్ వైపు చూశాడు. మళ్ళీ తొట్టి ఎక్కి, అడ్డుకమ్మీ తనే వేసుకున్నాడు.

పెద్దాయన ఆ తొట్టిని పైకి పంపి, ఖాళీ తొట్టిని కిందికి దించాడు. టైలర్ పరుగున వెళ్ళి టీచర్‌ని బతిమాలి తెచ్చి ఎక్కించాడు. చక్రం తిరిగింది.

మొదటిసారి పైకి చేరాక టైలర్ నోరు తెరిచేలోపే తొట్టి కిందికి వచ్చేసింది.

రెండోసారి ధైర్యం చేశాడు. “గాలి బాగుంది కదా.”

“గాలి సంగతి చెప్పడానికేనా ఇంత పైకి తెచ్చావు?”

మూడోసారి తొట్టి సరిగ్గా కొసకు చేరి ఆగిపోయింది.

“ఆగిందేమిటి?” టైలర్ కిందికి తొంగి చూశాడు. ఏమీ కనబడలేదు. “ఆ పిరికి మొహం దిగిపోతున్నట్టున్నాడు. నా ఖర్మ. ఒక్క రోజు, ఒక్క మాట, అదీ కుదరనివ్వరు. నిన్ను పెళ్ళి చేసుకోమని అడుగుదామంటే మోటారట, బరువట, ఎదురు తొట్టట. అసలు చేసుకుంటావా లేదా, అది చెప్పు ముందు.”

అనేశాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు.

“చేసుకుంటాను” అంది టీచర్. “అరవకు.”

కింద తీరం వెంట దీపాలు వెలిగాయి. ఆమె అతని భుజం మీద తల ఆనించింది. చక్రం చాలాసేపు కదలలేదు. కదలకపోతే బాగుండునని మొదటిసారి అనిపించింది టైలర్‌కు.

దిగుతూ పెద్దాయనను అడిగాడు. “బండి చెడిందా?”

“నా బండి చెడదు బాబూ. పైన వాళ్ళు మాట్లాడుకునేదాకా ఆపమన్నాడు ఎదురు తొట్టిలో ఆయన. అప్పటికే ఒళ్ళంతా చెమటలు. దిగి కూర్చోవయ్యా అంటే వినడే. తను దిగితే బరువు తప్పి మీకేమవుతుందోనని భయం.”

టైలర్‌కు తల కొట్టేసినట్టయింది.

పెద్దాయన ఎదురు తొట్టిని దించాడు. అతను కమ్మీ పట్టుకుని మెల్లగా దిగి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని రోడ్డు వైపు నడిచాడు.

“వెళ్ళి థాంక్స్ చెప్పిరా” అంది టీచర్.

“పిరికివాడన్న నోటితో ఏమని చెప్పను?”

టైలర్ ఇలా తటపటాయిస్తుండగానే అతను బస్సెక్కేశాడు.

టీచర్ ఫోన్ మోగింది. అవతల వాళ్ళమ్మ.

“పెళ్ళికొడుకు ఇప్పుడే ఫోన్ చేశాడే. తనకే పెళ్ళి ఇష్టం లేదట. తప్పంతా తనదేనట. నిన్ను పల్లెత్తు మాట అనొద్దని మీ నాన్న దగ్గర మాట తీసుకున్నాడు.”

“ఎందుకట?”

“నన్నడుగుతావేమే? నువ్వెక్కడున్నావో ఇందాక మమ్మల్నే అడిగి తెలుసుకుని, నీతో మాట్లాడాలని ఆ చక్రం దగ్గరికే వచ్చాడు కదా, నీకు కనబడలేదా?”