రెండో పేరు

రోడ్డు దాటుతుండగా థియా చెప్పు హీలు పుటుక్కున విరిగింది.

తెల్ల స్తంభాల ఇంటి తలుపులు ఇంకో నిమిషంలో తెరుచుకుంటాయి. లోపల అమ్మాయిల పాటలూ చప్పట్లూ అప్పుడే మొదలయ్యాయి.

"ఇవి వేసుకో బంగారం," అంటూ ఆన్స్లీ తన చెప్పులు విప్పి ముందుకు తోసింది.

"మరి నువ్వో?"

"నన్నెవరు చూడొచ్చారు? పద, పద!"

మా అలబామా ఆగస్టు ఎండకి ఆ తారు మీద గుడ్డు కొడితే అట్టవుతుంది. ఆన్స్లీ వట్టి కాళ్లతో గెంతుకుంటూ వెళ్లి చెట్టు నీడలో నిలబడింది.

ఆమెది కాలేజీలో చివరి ఏడాది. సోరోరిటీల్లో, అంటే ఒకే ఇంట్లో కలిసి ఉండే అమ్మాయిల సంఘాల్లో, చేరాలని వచ్చిన కొత్తమ్మాయిలను ఇంటింటికీ తిప్పడం ఆ వారమంతా ఆమె పని. భుజాన సంచిలో నీళ్లు, పిన్నీసులు, కాలి బొబ్బలకు పట్టీలు. మిగతా సీనియర్లు తమ తమ ఇళ్ల గుర్తు అక్షరాలు రాసిన చొక్కాల్లో మెరిసిపోతుంటే, ఈమె ఒంటిమీద బూడిద రంగు చొక్కా. దాని మీద ఒక్క అక్షరం కూడా లేదు.

బస్సు ఆలస్యమై మొదటి రోజు సమావేశం తప్పిపోయిన థియాకి ఆ చొక్కా సంగతి ఎవరూ చెప్పలేదు. పాపం, ఈమెను ఏ ఇంటివాళ్లూ తీసుకోలేదు కాబోలు అనుకుంది.

థియా ఉత్తరాది రాష్ట్రమైన మెయిన్‌లో ఒక చిన్న కాలేజీ నుంచి మారి వచ్చింది. అక్కడ ఈ హంగామా లేదు. చలికాలమంతా కలిసి సూప్ తాగుతారు, కబుర్లాడతారు, నచ్చితే "మాతో ఉండిపోవే" అంటారు. ఇక్కడి తంతు ముందు పెళ్లిచూపులే నయం.

అయినా వచ్చింది, ఆ తెల్ల స్తంభాల ఇంటి కోసమే. వాళ్లమ్మ ఒకప్పుడు ఆ ఇంటి పిల్ల. పోయిన శీతాకాలం కన్నుమూసింది. ఆ ఇంటి మెట్ల పక్క గోడ మీద, పాత ఫొటోల్లో, ఆమె ఇంకా పడుచుపిల్లలా నవ్వుతూ ఉంటుంది. రోజూ ఆ మెట్లెక్కాలని థియా కోరిక.

"అమ్మ ఫొటో చూశావా?" బయటికి రాగానే ఆన్స్లీ అడిగింది.

"చూడనిస్తేగా! ఒకమ్మాయి మాట పూర్తికాకుండానే ఇంకొకతి వచ్చి వాలింది. అయినా అందరూ 'మీ అమ్మంటే మా అమ్మే' అన్నారు తెలుసా!"

ఆన్స్లీ నీళ్ల సీసా అందించింది.

రోజూ కొన్ని ఇళ్లు వద్దనుకుంటూ పోగా, చివరి రోజుకి థియాకు రెండిళ్లు మిగిలాయి. ఒకటి తెల్ల స్తంభాలది. రెండోది వీధి చివర, రంగు వెలిసిన మూల ఇల్లు.

మూల ఇంట్లో పాటలు పాడలేదు. ఎర్రజుట్టు పిల్ల ఒకతి పీచ్ పళ్లతో చేసిన వేడి వేడి కాబ్లర్ గిన్నెలో పెట్టి ఇచ్చి, "ఇల్లు గుర్తొస్తోందా?" అంది. థియా అమ్మ గురించి చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. వాళ్లు ఆమెను ఏడవనిచ్చారు.

ఇక కోరుకున్న ఇళ్ల పేర్లు రాసివ్వాలి.

"రెండూ రాయి," అంది ఆన్స్లీ.

"ఒక్కటే రాస్తా. మా పాత కాలేజీలో ఒక్క పేరే చెబితే, పిల్ల మనసిచ్చేసిందని మురిసిపోతారు."

"ఇక్కడ మనసులు చూసేవాళ్లెవరూ లేరే. నువ్వు రాసిన పేరూ, ఆ ఇంటివాళ్లు రాసుకున్న పేరూ కలిస్తే కలిసినట్టు, లేకపోతే లేదు. ఒక్కటే రాయడాన్ని మేం బావిలో దూకడం అంటాం."

"ఆ మూల ఇంటికంటే బావే నయం. ఎవరికీ అక్కర్లేని వాళ్లంతా చేరేది అక్కడేనట!"

ఆన్స్లీ తల దించుకుంది. "ఇంతకంటే నేను చెప్పకూడదు తల్లీ. రెండూ రాయి."

"నిన్నే ఎవరూ తీసుకోలేదు, నువ్వా నాకు చెప్పేది?"

థియా ఒక్క పేరే రాసింది.

మర్నాడు ఏ ఇల్లూ రానివాళ్లకి ఫోన్ చేసి చెబితే చాలు. ఆన్స్లీ ఫోన్ చేయలేదు. తనే హాస్టల్ గదికి వచ్చింది.

ఆమె ముఖం చూడగానే థియాకి అర్థమైపోయింది. మంచం మీద కూలబడి, అమ్మ పోయిన రోజు ఏడ్చినట్టే ఏడ్చింది. ఆన్స్లీ పక్కనే కూర్చుని వీపు నిమిరింది.

బయట వీధంతా కేకలు, బూరలు.

"వెళ్లు," అంది థియా. "వెళ్లి చూడు. ఇప్పుడు మనిద్దరం ఒకటేగా, నీకు సంతోషమేగా?"

"కాసేపుంటాలే."

ఏడుపు సన్నగిల్లాక ఆన్స్లీ లేచింది. "ఇక వెళ్లాలి. మా ఇంటివాళ్లు నాకోసం చూస్తుంటారు."

"మీ ఇంటివాళ్లా? నీకు ఇల్లుందా?"

"ఉందిగా. మిమ్మల్ని తిప్పేవాళ్లం ఈ వారమంతా మాది ఏ ఇల్లో దాచుకోవాలి. తెలిస్తే మిమ్మల్ని అటు లాగినట్టవుతుందట. ఎవరిని తీసుకోవాలో చెప్పే మాట కూడా ఈ వారం మాకుండదు. మొదటి రోజే చెప్పారే?"

ఆన్స్లీ ఇచ్చిన చెప్పులు ఇంకా థియా మంచం కిందే ఉన్నాయి.

ఆన్స్లీ వెళ్లగానే థియా కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

ప్రతి ఇంటి ముందూ అమ్మాయిలు గంతులేస్తున్నారు. వీధి చివరి ఇంటి దగ్గర మాత్రం కొందరు మెట్ల మీద నిలబడి, ఎవరికోసమో ఎదురుచూస్తున్నారు.

ఆన్స్లీ అటే నడుస్తూ బూడిద చొక్కా తల మీదుగా లాగేసింది. లోపలి చొక్కా మీద మూల ఇంటి ఆకుపచ్చ అక్షరాలు.

మెట్ల మీది ఎర్రజుట్టు పిల్ల, ఆన్స్లీ వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని మెడ సాచి చూసింది. ఆన్స్లీ తల అడ్డంగా ఊపింది.