ఉస్తి మొదలు

“ఈసారి చేనంతా వంగే పెడతాం మామా!” అంటూ కోడలు దేవకమ్మ పండి పసుపెక్కిన వంకాయలను చట్టిలో పిసికి గింజలు తీస్తోంది.

మంచంలో ఉన్న మునివెంకటప్ప తల పైకెత్తాడు. వద్దని అరవబోయాడు. చొంగ కారింది తప్ప మాట రాలేదు. పక్షవాతం కుడి పక్కనూ, నాలుకనూ ఒకేసారి పడేసింది.

“సూడు, మామకెంత సంతోసమో!” ఆమె కొంగుతో ఆయన మూతి తుడిచి మొగుడి వైపు తిరిగింది. “ఊర్లో అందరి వంగా ఎండిపాయె. మీ నాయన పెట్టిన చెట్లు మాత్రం గుండ్రాళ్ళ మాదిరి నిలిచినాయి. మహిమంతా ఈ గింజలోనే ఉండాది.”

“ఊఁ” అన్నాడు కొడుకు శాంతయ్య, పార భుజానికెత్తుకుంటూ. “ఈ ఏడు శెనక్కాయ వద్దు. అంతా వంగే.”

గింజలో ఏ మహిమా లేదు. ఆ సంగతి మునివెంకటప్ప ఒక్కడికే తెలుసు. కంచెలో పెరిగే ఉస్తి అనే అడివి వంగ మొక్కను కోసి, మొదలు చీల్చి, అందులో లేత వంగ కొమ్మను దూర్చి అంటు కట్టేవాడు. ఆ అడివి వేరును ఎండు తెగులు ముట్టదు. ఆ కాయల గింజలు చల్లితే మాత్రం మొలిచేది మామూలు వంగే. పూతకు రాకముందే నిలువునా ఎండుతుంది. యుద్ధంతో తిండిగింజలు దొరకని ఈ రోజుల్లో చేనంతా ఎండితే ఇంటిల్లిపాదీ పస్తులే.

చెబితే ఊరంతా పాకుతుందని కన్నకొడుకుకు కూడా చెప్పలేదు. అంటు కట్టే వేళకు “నీ చెయ్యి పడితే చెట్టు చస్తాది, పోరా” అని తరిమేవాడు.

ఇప్పుడు చెప్పాలి. ఎలా?

మంచం మీద నుంచి దొర్లి కింద పడ్డాడు.

“అయ్యో, మామ పడిపోయినాడే!”

శాంతయ్య లేపబోతే విదిలించుకున్నాడు. ఎడమ చేత్తో నేల పట్టుకుని పెరటి కంచె దాకా ఈడ్చుకుంటూ పోయాడు. పక్కనున్న వంగ చిగురు తుంచి ఉస్తి మొదలుకు ఆనించాడు. ముళ్ళు గుచ్చుకున్నా వదల్లేదు. కొడుకు మొహంలోకి చూస్తూ గొంతులోనే ఏదో మూలిగాడు.

“పులుసు అడగతా ఉండాడేమో” అంది దేవకమ్మ. “ఉస్తికాయ పులుసంటే మామకు పానం గదా.”

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేతిలోని చిగురు జారి మట్టిలో పడింది.

శాంతయ్య దాన్ని ఏరుకున్నాడు. మొలలోంచి చాకూ, అరటి నారా తీశాడు. ఉస్తిని జానెడెత్తున కోసి చీల్చాడు. చిగురు అడుగున రెండు వైపులా చెక్కి చీలికలో దింపాడు. నార చుట్టి బిగించాడు. ఎక్కడా తడబడలేదు.

ముసలాయన ఎడమ చేత్తో ఆ కట్టును తడిమి చూశాడు.

“సొర్ణముఖి ఏటి గట్టున ఉస్తి నారు ఎప్పుడో పోసినా నాయనా” అన్నాడు శాంతయ్య తల ఎత్తకుండా. “పిల్లప్పుడే కంచె సందులోంచి అంతా సూసినా. నీ నోటితో ఒక్కసారి చెప్తావని ఇన్నాళ్ళూ కాసుకోనుంటిని.”