పదకొండో కిలోమీటరు

బండి ఊళ్ళోకి రాగానే తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

ఒనెజీమ్ అది గమనించాడు. మధ్యాహ్నం దాటినా బీట్‌దుంపల చేల మీద నవంబరు మంచు విడలేదు. దారిలో మనిషన్నవాడు లేడు. ఎవరింటి కుక్కో ఒకటి మొరగబోయి, మధ్యలోనే మానుకుంది.

"మీరంటే భయం," అన్నాడు బండి తోలే ముసలాయన, వెనక్కి తిరగకుండానే. "గాలిని కొలిచే అయ్యగారు కదా మరి! వసంతంలో మా బర్నబేకి మీరు పెట్టిన చీవాట్లు ఊరంతటికీ కంఠతా వచ్చు."

ఒనెజీమ్ కూడా మరిచిపోలేదు. తమ పరిశీలన కేంద్రం ఎగరేసిన బెలూను ఒకటి అప్పుడు ఈ పక్కనే పడింది. దానికి వేలాడిన పనిముట్ల బుట్టను బర్నబే పేడతో, బురదతో, కోడి ఈకలతో సహా సంతరోజున తెచ్చి చేతికిచ్చాడు. అందులో ఏ ఒక్కటీ పనికొచ్చే స్థితిలో లేదు. ఒనెజీమ్ ఒళ్ళు మరిచి, నలుగురి మధ్యా అరిచేశాడు.

"పందులదొడ్డి అనుకున్నావుట్రా ఇది? శాస్త్రాన్ని ఇంత మురికిలోనా పొర్లించేది!"

ముసలాయన ఆ మాటల్నే ఇప్పుడు ఒనెజీమ్ గొంతుతో అప్పజెప్పి, గుర్రాన్ని అదిలించి, తనలో తానే నవ్వుకున్నాడు. ఒనెజీమ్‌కి నవ్వు రాలేదు.

గురువారం పారిస్‌లో పండితసభ ఉంది. పైకి పోయినకొద్దీ చలి పెరుగుతూనే ఉంటుందనీ, గాలి అంతమయ్యేదాకా దానికి అడ్డు లేదనీ ఆ సభ నమ్మకం. కాదంటాడు కేంద్రం డైరెక్టరు. మబ్బులూ, వానలూ, ఉరుములూ అన్నీ కింది పొరలోనివే. పదకొండో కిలోమీటరు దగ్గర ఆ పొర ముగుస్తుంది. అక్కడినుంచి చలి పెరగని, మబ్బు పుట్టని, గాలి పైకీ కిందికీ పొర్లని మరో పొర మొదలవుతుంది.

"ఎండ తగిలి మీ ఉష్ణమాపకం అబద్ధమాడింది," అని సభ నవ్వింది.

అందుకని ఈసారి బెలూన్లను పొద్దు పొడవకముందే వదిలారు. మూడు వదిలారు. ఒకటి జాడ లేకుండా పోయింది. ఒకటి ఏటిలో మునిగింది. మూడోది ఈ ఊరి చేలో చెక్కుచెదరకుండా దిగిందని బడిపంతులు ఉత్తరం రాశాడు. ఇది కూడా చేజారితే గురువారం డైరెక్టరు సభలో నోరు మూసుకోవాలి, శీతకాలం ముగిసేలోగా కేంద్రం తలుపులు మూసుకోవాలి. ఒనెజీమ్ పద్దెనిమిదేళ్ళ చాకిరీ ఆ తలుపుల లోపలే ఉంది.

"అదే ఫెలిసితే ఇల్లు. మీ బుట్ట ఆమె దగ్గరే ఉంది. నేను లోపలికి రాను," అన్నాడు ముసలాయన.

గడప కిందినుంచి నల్లటి నీళ్ళు సన్నగా కారి, వాకిట్లో మడుగు కట్టాయి. లోపలినుంచి వెనిగర్ ఘాటు ముక్కుకు కొట్టింది. ఒనెజీమ్ అడుగు ఆగిపోయింది. ఈ వైపు పల్లెల్లో శవాన్ని ఉంచిన గదిని వెనిగరుతోనే కడుగుతారు. అంత ఎత్తునుంచి దిగిన బుట్ట ఎవరి నెత్తిన దిగింది?

తలుపు తీసిన ఫెలిసితే చేతుల్ని చప్పున పైగుడ్డ కింద దాచుకుంది.

"అమ్మా, బుట్ట ఎవరిమీదైనా పడిందా?"

"అయ్యో, లేదయ్యా. దుంపల మధ్య మెత్తగా పడింది."

"మరి ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు." ఆమె చూపు ఒక్క క్షణం అతని గోళ్ళ మీద నిలిచింది. వాటి అంచుల్లో పద్దెనిమిదేళ్ళ పని నల్లగా ఇంకిపోయి ఉంది. ఏ సబ్బుకూ అది లొంగలేదు.

గదిలో బల్ల మీద, తెల్ల దుప్పటి కింద, ఏదో ఉంది. దానికి అటూ ఇటూ రెండు కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. మూలన కూర్చున్న ముసలి అత్తగారు జపమాల తిప్పడం ఆపలేదు.

"చెప్పాను, ఏట్లో పారెయ్యవే అని. వింటేనా ఈ మహాతల్లి! ఆకాశంలోంచి పడ్డది ఏదైనా మంచికి పడుతుందా?"

"ఊరుకో అత్తా. పెద్దమనిషి వచ్చాడు."

ఒనెజీమ్ దుప్పటి తొలగించాడు. బుట్ట ఒక్క పుల్ల కూడా విరగలేదు. గడియారం చివరిదాకా తిరిగి, తిరగవలసినంత తిరిగాకే ఆగింది. ఉష్ణమాపకం పగల్లేదు. సూది వంగలేదు. గురువారం సభలో డైరెక్టరు లేచి నిలబడటం కళ్ళకు కట్టింది.

"అమ్మా, మా కేంద్రాన్ని నిలబెట్టావు. ఇంత భద్రంగా ఎవరూ అప్పగించలేదు."

ఫెలిసితే ముఖం వికసించింది. దాచుకున్న చేతులు బయటికి వచ్చాయి. వేళ్ళ కణుపుల దగ్గర తోలు లేచి ఎర్రగా ఉంది.

"బర్నబేని అన్నట్టు మమ్మల్నీ అంటారేమోనని నిన్నటినుంచి ముద్ద దిగలేదయ్యా. మీరు వస్తున్నారని పంతులు చెప్పగానే విప్పి చూశాం. బుట్ట పైకి బాగానే ఉంది. లోపలి రేకుడబ్బా ఉంది చూశారూ, అబ్బబ్బ, దానికంటే మా పొయ్యిగొట్టం నయం! బూడిదా, ఇసుకా, వెనిగరూ పోసి అత్తా నేనూ పొద్దుటినుంచీ తోమాం. చూసుకోండి, మీ ముఖం కనిపిస్తుంది."

ఆమె మురిపెంగా డబ్బా మీది మూత ఎత్తింది.

కనిపించింది. కొవ్వొత్తి వెలుగులో తళతళలాడే రేకు మీద ఒనెజీమ్‌కి తన ముఖం, కనుబొమల వెంట్రుకలతో సహా, స్పష్టంగా కనిపించింది.

బెలూను వదిలే ముందు ఆ రేకును దీపం మీద తిప్పితిప్పి తన చేతులతోనే మసి పట్టించాడు ఒనెజీమ్. పదకొండో కిలోమీటరు పైన ఏముందో సూదిమొన గీసి తెచ్చింది ఆ మసి మీదనే.